పేపర్లో పడ్డ చేతులు

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో తెలుగువాళ్ళు గోంగూర కొనుక్కోరు. శ్యామసుందరి పెరట్లోంచి పట్టుకుపోతారు. కొడుకు దగ్గరికి వచ్చి ఏళ్ళయినా ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాలేదు. అయినా ఆవిణ్ణి ఎరగని తెలుగిల్లు ఆ ఊళ్ళో లేదు. ఆ గోంగూరే ఆవిడ హోదా.

మొన్న వానల్లో మట్టిజ్వరం కేసులు పెరిగాయి. బురదలో ఉండే క్రిమి చర్మం మీది గాటులోంచి ఒంట్లోకి పోతుందట. పేపరువాళ్ళు "ప్రాణం తీసే మట్టి" అని పెద్దక్షరాల్లో వేసి, కింద ఫొటో పెట్టారు. బురద పూసుకున్న రెండు ముసలి చేతులు, ఎర్ర గాజులు, మధ్యలో గోంగూర మొక్క.

"అత్తయ్యా, ఇవి మీ చేతులే," అంది కోడలు నీరజ.

నిజమే. ఎప్పుడో పెరటి తోటల గురించి రాస్తామని వచ్చి తీసుకెళ్ళిన ఫొటో అది. ఇప్పుడు తీసి జబ్బు వార్తకి అతికించారు.

సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలో తిరిగింది. వార్త చివరిదాకా చదివిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. గుంటూరు నుంచి ఆడపడుచు ఫోన్ చేసి, ఏ ఆసుపత్రిలో చేర్చారని ఏడ్చింది. ఆదివారం గోంగూరకి ఒక్కరూ రాలేదు. ఇంజనీరు గోపాలరావైతే అంతకుముందు పట్టుకెళ్ళిన కట్ట చెత్తడబ్బాలో పడేశాడట. జ్వరం రాకుండానే ఆవిడ రోగిష్టిదైపోయింది. అన్నం సయించలేదు.

ఇక ఆగలేక కోడల్ని వెంటబెట్టుకుని పేపరాఫీసుకి వెళ్ళింది. పాత ఫొటోల్లో మట్టి, చేతులు అని వెతికితే ఇది దొరికిందని చెప్పి, ఇందులో తప్పేముందన్నట్టు చూసింది అక్కడి పిల్ల. శ్యామసుందరి రెండు చేతులూ ఆ పిల్ల బల్ల మీద పెట్టింది.

"ఈ చేతుల్లో ఏం జబ్బు కనిపించిందో చెప్పమను, నీరజా."

నీరజ చెప్పింది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అప్పుడు వార్తంతా చదివించుకుంది శ్యామసుందరి. అట్టడుగున, ఎవరి కన్నూ పడని చోట, డాక్టరు మాట ఉంది. తోటపని మానక్కర్లేదు, బూట్లూ గ్లౌజులూ వేసుకోండి, షుగరున్నవాళ్ళు మరీ జాగ్రత్త. రోగి పక్కన కూర్చుంటే అంటుకునే జబ్బు కాదది.

తనకీ షుగరే. ఇన్నేళ్ళూ వట్టి కాళ్ళతోనే బురదలో తిరిగింది. ఆ భయం ముఖం మీదికి రానివ్వలేదు.

"ఈ మాట కదా పైన వేయాల్సింది," అంది.

వేశారు. ఫొటో మార్చి, పెరట్లోకి వచ్చి కొత్తది తీసుకున్నారు. గ్లౌజుల్లో గాజులు కనపడలేదని ఆవిడకి కాస్త కినుక. కానీ ఆ పూట కడుపునిండా తింది.

ఆ తర్వాతి ఆదివారం మొదట వచ్చింది గోపాలరావే.

"సారీ ఆంటీ, ఆ ఫొటో చూసి ప్యానిక్ అయ్యాను. ఒక కట్ట ఇస్తారా?"

"కట్ట కట్టి ఇచ్చే రోజులు అయిపోయాయి నాయనా. నువ్వే కోసుకో. ముందివి తొడుక్కో," అని గ్లౌజులూ కొడుకు బూట్లూ అతని ముందు పడేసి, వరండాలో కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.