వ్యాపారవేత్త కాదు, వైన్ షాపు అంకుల్

మా షాపు అంకుల్ మొన్న మంగళవారం పోయారు. పొద్దున షట్టర్ ఎత్తుతూ కూలబడ్డారట. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. మధ్యాహ్నానికల్లా ఐర్లండ్‌లోని ఈ కార్క్ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఆ చేతుల్లో సగం నాకు తెలుసు. ఆయన షాపు వెనక తలుపు తట్టిన చేతులవి.

ఇక్కడ చదువుకుంటూ రెండేళ్లు ఆ వైన్ షాపులో పార్ట్‌టైమ్ చేశాను. శుక్రవారం సాయంత్రం మనవాళ్లు కారు రెండు వీధుల అవతల ఆపి, టోపీ కిందికి లాక్కుని వచ్చేవారు. "తమ్ముడూ, నల్ల కవర్ ఉందా?" అన్నదే మొదటి మాట. ఉగాది సభలో మాత్రం ఆయన వచ్చి కూర్చుంటే పక్క కుర్చీ ఖాళీ అయ్యేది.

ఆయనది మేడ్చల్ దగ్గర ద్రాక్షతోటల ఇల్లు. ఆ తోట ప్లాట్లయిపోయింది. అందుకేనేమో, ఇటలీ నుంచి వచ్చే పున్యితెల్లో అనే ద్రాక్ష వైనంటే ఆయనకు ప్రాణం. గుత్తి చిన్న పిడికిలంత. కాపు తక్కువని అక్కడి టస్కనీ రైతులు దాన్ని దాదాపు పీకేశారు. ఏ పాత తోటలోనో మిగిలిన తీగెలు కనబడితే యూనివర్సిటీవాళ్లు మళ్లీ నాటారు. రంగు నేరేడు పండుది. వక్క నమిలినట్టు నాలుకను పట్టేస్తుంది. రెండు పల్లీలు నోట్లో వేసుకుంటే గానీ ఆయన గ్లాసు ఎత్తేవారు కాదు.

సరుకుతో వచ్చిన అట్ట మీద "పండితులు కనుగొన్న ద్రాక్ష" అని ఉంది. విప్లవ కరపత్రాలు చదివి ఉడుకుతున్న నాకు ఒళ్లు మండింది. "కనుగొనడమేంటంకుల్? పీకకుండా ఉంచిన రైతు పేరేది? ఇది దొంగతనం!" అని అరిచాను. ఆయన అట్ట తిరగేసి పెన్ను చేతికిచ్చారు. "ఒర్లుడెందుకు బిడ్డా? పేరు తెల్వదు గదా. తెల్వదనే రాయి." రాశాను: పేరు తెలియని ఒక రైతు దీన్ని పీకలేదు. కోపాన్ని ఒక్క వాక్యంలో పట్టించడం అలా నేర్పారు. ఇవాళ పట్టడం లేదు.

ఒకసారి ఓ డాక్టరుగారు ఆ వైన్‌లో ఐసూ సోడా పోసుకుని తాగానన్నారు. ఆయన వెళ్లాక, ఇలాంటివాళ్లకు అమ్మొద్దని అంకుల్‌తో గొడవపడ్డాను.

"సోడా పోస్తే తీగెకు నొప్పా? నోరు ఆయనది. నీ కాగితాల్ల జనమంతా మంచోళ్లే. గీ తలుపు తీసుకొని వచ్చేటోళ్లే నీకు నచ్చరు."

నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే, నిజం కాబట్టి.

నిన్న ఇక్కడి తెలుగు సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేశారు.

"బాబూ, సంస్మరణ సంచికకి నాలుగు ముక్కలు రాసివ్వు."

"వైన్ గురించే రాస్తానండీ."

"అబ్బే, అదెందుకు? పిల్లలు చదువుతారు. ప్రముఖ వ్యాపారవేత్త అని రాసెయ్, గ్రాండ్‌గా ఉంటుంది."

"మీ పిల్లలకు తెలుగు చదవడం రాదు కదండీ."

"పోయినాయన పరువు కోసం చెప్తున్నానయ్యా."

"ఆయన పరువా, మీదా? క్రిస్మస్‌కి మీ కారులో పెట్టె పెట్టింది నేనేనండీ."

ఫోన్ పెట్టేశారు.

అందుకే ఈ కాగితం. నేనే అచ్చు వేయించి ఆయన సంస్మరణ సభ గుమ్మంలో నిలబడి పంచుతున్నాను. ముప్పై ఏళ్లు ఆ మనిషి చేసిన పనిని ఆయన పేరు పక్కనుంచి పీకేస్తుంటే చేతులు కట్టుకుని చూడలేను. ఆయన వైన్ అమ్మారు. ముందు తలుపు తెరిచి పెట్టి, తలెత్తుకుని అమ్మారు. ఇది చదివి చించేస్తే చించేయండి.

లోపల వేదిక మీద ఆయన ఫోటో ఉంటుంది. నేను తీసిందే. షాపు కిటికీ దగ్గర, పున్యితెల్లో గ్లాసును వెలుతురుకి ఎత్తి చూస్తూ నవ్వుతున్నారు. రాత్రి గ్రూపులో పెట్టినప్పుడు చూశాను, ఆ గ్లాసు మీద సంఘంవాళ్లు దీపం బొమ్మ అతికించారు. సరిగ్గా కుదరలేదు. మంట అంచున, ఆయన వేళ్ల సందుల్లో, ఎర్రగా కొంచెం కనిపిస్తోంది.