బావ చింపనివ్వని పేజీలు

మా అక్క భర్త, నాకు పని నేర్పిన గురువు, పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కన్నుమూశాడు. కామెర్లు సోకి కొన్నాళ్ళుగా ఆర్.కె.పేటలో ఇంటిపట్టునే ఉన్నాడు. తిరువళ్ళూరులో మా ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షనుకు ఫోను వస్తే నేనే తీశాను. "బావ పోయినాడే" అంది అక్క. వెంటనే ఫోను పెట్టేసింది. ఏసీ చలికి బావ కప్పుకునే దుప్పటి ఎదురుగా అతని కుర్చీ మీద మడతపెట్టి ఉంది. దాన్ని అట్లాగే వదిలి రైలుకు బయల్దేరాను.

బావ వాళ్ళది నేతపని కుటుంబం. చదువుకుని, కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని ఫ్యాక్టరీలో చేరాడు. ఎనభైల మొదట్లో నన్నూ అక్కడే చేర్పించాడు. తిరుత్తణిలో రైలెక్కింది మొదలు తిరువళ్ళూరులో దిగేదాకా పాఠమే. ఇదేం భాషని రైల్లో ఎదురుగా కూర్చున్న పూలబుట్టావిడ ఒకరోజు అడిగేసింది. "మిషనుతో మాట్లాడే భాషమ్మా. దానికి కోపమొచ్చిందంటే మనల్ని అన్నం గూడా తిననీదు" అన్నాడు. ఆమె నావైపు జాలిగా చూసింది.

కోబాల్‌లో ఏ ఆజ్ఞ ఎట్లా వాడాలో రాసిన మాన్యువల్ ఒకటి మా సెక్షనులో ఉంది. బావే రాసి, టైపు చేయించి, ఫైల్లో గుచ్చాడు. మనుషుల భాష లాగే మిషను భాషా మారుతుంది. ఆల్టర్ అని ఒక పాత ఆజ్ఞ ఉండేది. ప్రోగ్రాములో ఒకచోట రాసిన దారిని మరోచోటి నుంచి మార్చేస్తుంది. చదివేవాళ్ళకు తల తిరిగిపోతుంది. కొత్త నిబంధనల్లో దాన్ని ఇక వాడొద్దన్నారు. అప్పుడే వచ్చిన మేనేజరు అట్లాంటి పేజీలన్నీ చింపేయమన్నాడు. కళ్ళపడితే కొత్తవాళ్ళు మళ్ళీ వాడతారని ఆయన భయం. అందులో అన్యాయమేమీ లేదు.

ఆయనది ఊత్తుకోట. మాతో తెలుగే మాట్లాడేవాడు. బావ నన్ను వెంటబెట్టుకుని ఆయన ముందు నిలబడి, "పేజీ చింపితే ఆల్టర్ పోతుందా సార్? పాత ప్రోగ్రాముల్లో ఉండనే ఉండాది. అవి రాసినోళ్ళు ఎప్పుడో ఎళ్ళిపోయినారు. రేపు అందులో ఒకటి నిలిచిపోతే ఈ పాప యాడ చూసి చదువుకోవాల?" అన్నాడు.

మేనేజరు ఫైలు బావ చేతిలో పెట్టి, "సరే, నీ పూచీ" అన్నాడు.

పనికిరానిదాని కోసం అంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ ఆదివారం బావ నన్ను ఇంటికి తీసుకెళ్ళి, వాళ్ళ నాన్న నేసిన మగ్గం చూపించాడు. చీర కోసి దించాక పాత పడుగు పోగులను, అంటే నిలువు దారాలను, పూర్తిగా లాగేయరు. జానెడు చివరలు మగ్గంలోనే వదిలి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతికి, వాటి దారిలోనే లాగుతారు.

"చిన్నప్పుడు నాకు తెలీక, చెత్త గదా అని అన్నీ పెరికి శుభ్రం జేసేసినాను పాపా. మా నాయన కొట్టలా. ప్రతి పోగూ మళ్ళా మొదట్నించి ఎక్కిస్తా కూర్చున్నాడు. దానికన్నా కొట్టుంటే బాగుండును" అన్నాడు బావ.

మర్నాడు ఆల్టర్ పేజీ నెత్తిన ఎర్ర సిరాతో 'ఇక వద్దు' అని రాశాడు. దాని కింద 'ఎందుకు', 'దాని బదులు' అని రెండు వరుసలు పెట్టి, ఎందుకు వద్దో, ఏది వాడాలో రాశాడు. అట్లాంటి పేజీలన్నీ ఫైలు చివరికి చేర్చాడు. "ఉత్తినే వద్దంటే కొత్తోళ్ళకు అది వేడుకైపోతాది. ఎందుకు వద్దో చెప్పాల" అనేవాడు.

బావ మంచాన పడ్డాక ఒకరోజు, విడిభాగాల లెక్కలు చూసే పాత ప్రోగ్రాము నిలిచిపోయింది. అడగడానికి మనిషి లేడు. ఆ చివరి పేజీలు ముందు పెట్టుకుని, ఏ దారి ఎటు మారుతోందో వెతికి సరిచేశాను. ఆదివారం వెళ్ళి చెబితే పచ్చబడ్డ కళ్ళతో నవ్వాడు.

"సరిపోయింది. ఇంక నేను లేకున్నా పరవాలేదు."

"ఊరుకో బావా, ఏం మాటలవి" అని కసిరాను. అతనితో నేను ఆడిన చివరి మాట అదే. 

కర్మలయ్యాక ఆఫీసుకు వెళ్తే మేనేజరు నన్ను పిలిచి, మాన్యువల్ మొదటి పేజీ మార్చమన్నాడు. సందేహం వస్తే ఎవరిని అడగాలో ఆ పేజీలో ఉంది. బావ పేరు. "చింపొద్దులే. ఆయన పద్ధతిలోనే చెయ్యి" అని ఆయనే అన్నాడు.

ఎర్ర పెన్ను తీసుకున్నాను. 'ఇక వద్దు' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. 'ఎందుకు' అన్నచోట, పోయారు అని రాశాను. 'దాని బదులు' అన్నచోట నా పేరు రాయాలి. రాశాను. ముందు నా పేరున్న కొత్త పేజీ పెట్టి, పాతది ఫైలు చివర ఆల్టర్ పక్కన గుచ్చాను. గదిలో చలి ఎక్కువగా ఉంది. కుర్చీ మీది దుప్పటి తీసి భుజాల చుట్టూ కప్పుకున్నాను. ఇంకా బావ వాసనే వస్తోంది.