పదును ఆరేలోపల

నేను చెప్పబోయే ఏడాదికి నాకు సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు. తర్వాత సంఘం బడిలో అక్షరాలు నేర్చుకున్నా, పొద్దుగూకేసరికి కలం పట్టే ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు మోకాళ్లు చేలోకి పోనివ్వడం లేదు కాబట్టి రాస్తున్నాను.

సరిహద్దులో కాల్పులు మొదలైన రోజుల్లోనే మాకు వాన పడింది. మా పొదుపు సంఘం ఆడవాళ్లందరికీ ఒకే కాడి ఎద్దులు, ఒకే విత్తే గొర్రు. వంతుల ప్రకారం ఒకరి తర్వాత ఒకరం విత్తుకుంటాం. మా ఎర్రనేలలో వాన పదును రెండు మూడు రోజులే నిలుస్తుంది. ఆరిపోయాక వేస్తే వేరుశనగ మొలవదు. ఆసారి మొదటి వంతు నాది. చివరి వంతు పక్కింటి వదినది. ఆమె కొడుకు సైన్యంలో ఉన్నాడు. వాన పడినప్పటి నుంచి వాడి ఫోను కలవడం లేదు.

మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చి సంఘాన్ని కూర్చోబెట్టాడు. దేశాన్ని కాపాడేది సైన్యం ఒక్కటే కాదనీ, జనం కూడా ధైర్యంగా ఉండాలనీ చెప్పాడు.

"ఈడ వానను నమ్ముకోని బతుకుతాండాం. ఇంకెంత ధైర్యం గావాలప్పా?" అంది మాలో పెద్దామె. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు.

ఆఫీసరు జీపు పోయాక వదిన అంది: "ఫోన్ జేస్తే వాడు ముందు అడిగేది సేను యేసినారా అనే. ఏం సెప్పేది?"

వంతు నాది కనుక నేనే పలకాలి.

"రేపు కాడి వదిన సేనికి పోనీ. ఆమె వంతు నేను తీసుకుంటా."

"నీ సేను నీకు బరువైనాదా ఏమి?" అంది పెద్దామె.

"నా కొడుకు ఇంట్లోనే ఉండాడు గదక్కా."

మరునాడు సంఘమంతా వదిన చేలో దిగాం. ఆమె ఫోను రొండిన దోపుకుని, గొర్రులో విత్తనం వదులుతూ నడిచింది. మిగతా వంతులన్నీ తిరిగి కాడి నా చేనికి వచ్చేసరికి గాలికి తడి పోయింది. గుప్పెట్లోకి తీసుకుంటే మన్ను పిండిలా జారింది. ఎద్దులను వెనక్కి తోలించాను.

ఆ సాయంత్రం వదిన ఫోను మోగింది. గోడ ఇవతలికి ఆమె గొంతు వినబడింది.

"యేసినాం నాయనా. అందరూ వచ్చినారు."

కాసేపటికి మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది.

"నీది?"

"ఆరిపోయినాది."

ఆమె నా పక్కనే అరుగు మీద కూర్చుంది.

మరునాడు పొద్దున విత్తనాల మూటను మళ్లీ దూలానికి కట్టి, కూలికి పోయాను.