వదిన కుట్టు బిగియలేదు

మా దుకాణంలో పై అరమీద, అట్టముక్కల వెనకాల, ఒక్క అక్షరం కూడా లేని పుస్తకం ఒకటి ఉంది. తూకం వేస్తే పావుకిలో కూడా రాదు. ఇన్నేళ్ళూ నేను మోసింది దాన్నే. ఇక నావల్ల కాదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను, అంత ధైర్యం ఇంకా రాలేదు. మా వదిన పేరు మాత్రం చెబుతాను. యశోద. ఇందులో ఆమె దాచుకోవలసింది ఏమీ లేదు.

గౌలిపురలో మాది బైండింగు దుకాణం. బాపు, అంటే మా నాన్న, పెట్టింది. అచ్చయిన పెద్ద కాగితాలను మడిచి ఫారాలు చేసి, ఒక్కో ఫారాన్ని మడత మధ్యలోంచి దారంతో కుట్టి, దాన్ని పక్క ఫారంతో కలుపుకుంటూ పోవడం ఆయన విద్య. జుజ్ కుట్టు అంటారు. నేర్చుకుంటానని ముందు కూర్చున్నది నేనే. నా చేతికి ఓపిక లేదని కొన్నాళ్ళకే బాపు నన్ను లేపేశాడు. కోడలుగా వచ్చిన వదినను ఆ పీట మీద కూర్చోబెట్టాడు. ఆమె దారం లాగితే చప్పుడు కూడా వినపడేది కాదు. బాపు పోయాక గిరాకీలతో మాట్లాడటం, కాగితం ఎంచడం నా వంతు. కుట్టు ఆమె వంతు. నాకు ఈర్ష్య ఉండేదా? ఉండేది. అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే కొట్టేదాన్ని.

ఒక క్రిస్మస్ ముందు, పురానాపూల్ దగ్గరి చర్చిలో హార్మోనియం వాయించే సార్ వచ్చారు. చర్చి పాటలన్నీ స్వరాలతో సహా అచ్చు వేయించుకుంటున్నారట. ఎడమ చెయ్యి తిత్తి మీద, కుడి చెయ్యి మెట్ల మీద, ఇక పేజీ పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదమ్మా అని నవ్వారు. తెరిచిన చోట తెరిచినట్టే పడుకునే పుస్తకం కావాలి ఆయనకు. పెళ్ళి ఆల్బమ్ అలాగే పరుచుకుంటుంది కానీ దానిలో ఆకులన్నీ దళసరి అట్టలు, పాటల పుస్తకానికి పనికిరావు. ఉత్త జిగురుతో అంటిస్తే వెన్ను నాలుగు రోజుల్లో విరిగిపోతుంది. ఇనుప తీగ చుట్ట ఆయనకు నచ్చలేదు. అందుకని జుజ్ కుట్టే కుట్టి, వెన్నును అట్టకు అంటించకుండా వదిలేద్దామని వదిన చెప్పింది. అప్పుడు లోపలి వెన్ను దాని ఇష్టం వచ్చినట్టు వంగుతుంది, పై అట్ట దానికి అడ్డం రాదు.

ముందు తెల్లకాగితాలతో నమూనా కుట్టింది. దాన్ని బల్లమీద పెట్టి నడుమకు తెరిచి చెయ్యి తీసేసింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. పుస్తకం కదలలేదు. రెండు పేజీలు ఒకే పేజీలా, ఉతికి పరిచిన దుప్పటిలా పడుకున్నాయి. మొదట్లో తెరిచినా అంతే, చివర్లో తెరిచినా అంతే. పుట్టినప్పటి నుంచి పుస్తకాల మధ్య పెరిగినదాన్ని, అంత నిశ్చింతగా తెరుచుకున్న పుస్తకాన్ని చూడలేదు. దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. "బానే ఉంది" అన్నాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. కాగితానికి ఒక వాలు ఉంటుంది. తయారయ్యేటప్పుడే దాని నార అంతా ఒక దిక్కుకు పడుకుంటుంది. మేము గ్రెయిన్ అంటాం. ఆ దిక్కున చించితే తిన్నగా చినుగుతుంది, అడ్డం చించితే వంకరపోతుంది. పుస్తకంలో ఆ వాలు వెన్నుకు సమంగా, పై నుంచి కిందికి ఉండాలి. అడ్డం పడితే ఎంత గొప్ప కుట్టు కుట్టినా పేజీ లేచి నిలబడుతుంది, పుస్తకం దానంతట అదే మూసుకుంటుంది. మనిషి చెయ్యి తగలకముందే కాగితం తన దిక్కు తాను ఎంచుకుని ఉంటుందనే మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నమూనాకు వాడిన కాగితం బజారులో అయిపోయింది. అదే రంగు, అదే మందంలో ఇంకో రకం దొరికింది. వెన్ను వచ్చే దిక్కున ఒక మూల చించి చూశాను. వంకరగా చినిగింది. షీటు తిప్పి వేస్తే పేజీలు ఇమడవు, సగం కాగితం వృథా. సరైనది తెప్పిద్దామంటే పండుగ దాటిపోతుంది. ఆ ముక్కను నలిపి పారేసి అచ్చుకు పంపించేశాను. ఫారాలు వచ్చాక వదిన అడిగింది, "గ్రెయిన్ చూసినవా పిల్లా?" అని. చూశాను అన్నాను. అది నిజమే కదా. చూశాను. ఏం కనపడిందో చెప్పలేదు.

ఆమె కుట్టింది. సార్ సంతోషంగా తీసుకువెళ్ళారు. పండుగ కాగానే ఇద్దరు పాటల వాళ్ళను వెంటబెట్టుకుని తిరిగి వచ్చారు.

"ఏందమ్మా గిది? పాట నడుమలనే మూసుకుంటున్నది. ఆరాధనల అందరి ముంగట ఆగిపోయిన."

నా నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో! "కుట్టు బిగిసింది సార్. మా వదిన చెయ్యి ఈ నడుమ జర గట్టిగ పడుతున్నది."

వదిన వెనక పీట మీది నుంచి తలెత్తింది. "బిగిసిందా?"

"నువ్వే చూడు వదినా."

పుస్తకం చేతిలోకి తీసుకుని తెరిచింది. పేజీ లేచింది. వేలితో అణిచింది. మళ్ళీ లేచింది. "గట్లనే ఉన్నది," అంది మెల్లగా. "మాఫ్ చెయ్యి సార్. నా చెయ్యే పోయినట్టున్నది."

కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టింది, వదులుగా. ఫారాలు జారాయి కానీ పేజీలు పడుకోలేదు. చివరికి సార్ బట్టల క్లిప్పులు పెట్టి వాయించడం మొదలుపెట్టారు. వదిన సూదిని మైనం ముద్దకు గుచ్చి బాపు ఫొటో కింద పెట్టింది. మళ్ళీ తియ్యలేదు. యశోదమ్మ చెయ్యి పోయిందట అని వాడంతా అనుకున్నారు. ఇప్పుడు ఆమె మా దుకాణంలోనే లాడ్ బజార్ గాజుల వాళ్ళకు అట్టపెట్టెలు అంటిస్తుంది.

ఒక్కసారి కాగితం చించి చూసి ఉంటే ఆమెకు తెలిసిపోయేది. ఎందుకు చూడలేదు? నేను చూశానన్నాను కాబట్టి. నా మాటను నమ్మి తన చేతిని అనుమానించుకుంది. ఇది అర్థమైన రోజున కూడా నోరు విప్పలేదు. పండుగ తొందరలో తప్పు చేశానని సర్దిచెప్పుకునేదాన్ని. తొందర కాగితం ఎంచినప్పటి సంగతి. ఆమె చేతిని అన్నప్పుడు తొందరేముంది? పీట మీది నుంచి నన్ను లేపిన బాపుకు జవాబు చెప్పుకున్నానేమో.

ఆ నమూనాను నేనే దాచాను. ఎవరూ లేనప్పుడు దించి తెరుస్తాను. ఇన్ని ఎండలు, ఇన్ని వానలు పోయాయి, దారం పసుపుపచ్చబడింది, అది ఇంకా అలాగే పడుకుంటుంది. ప్రతిసారీ ఆశ్చర్యమే. ప్రతిసారీ భయమే.

మొన్న వదిన మనవరాలు గుండీ ఊడిన బడి చొక్కా తెచ్చి ఆమె ఒళ్ళో వేసింది. "నా చెయ్యి పోయింది బిడ్డా, బయట కుట్టిచ్చుకో," అంది వదిన. అంత మామూలుగా అంది. ఆ మామూలుతనం నన్ను కోసేసింది. లేచి నమూనా దించి ఆమె ముందు పెట్టాను. కాగితం అడ్డం గ్రెయిన్ అని నాకు ముందే తెలుసని, చించి చూశానని, కుట్టు ఎన్నడూ బిగియలేదని చెప్పాను. అంతా చెప్పాను.

 వదిన చేతులకున్న జిగురు కొంగుతో తుడుచుకుని పుస్తకం తెరిచింది. అది పడుకుంది. ఇంకోచోట తెరిచింది. పడుకుంది. మడతలో కనపడే దారం మీద వేలు పెట్టి పై నుంచి కిందిదాకా రాసింది.

"గిది నేను కుట్టిందేనా?"

నన్ను కాదు అడిగింది. తన రెండు చేతులనూ వెలుతురులోకి ఎత్తి, ఎవరివో చూస్తున్నట్టు చాలాసేపు చూసుకుంది. నా మొహం చూడలేదు. ఇప్పటికీ చూడటం లేదు.

ఆమె చేతిని నేను అన్నది నలుగురి ముందు. అందుకే ఇదీ నలుగురికి చెబుతున్నాను. పై అర ఇప్పుడు ఖాళీగా ఉంది. పుస్తకం వదిన దగ్గర, ఆమె మంచం పక్కన, తెరిచే ఉంటోంది.