man అడిగింది, నేను చెప్పినా!

మొన్న మా కాలేజీలో జరుగుతాండే ప్రాక్టికల్ పరీక్షను నేనే ఆపేసినా. కావాలని కాదప్పా, వినండి!

నేను లెక్కల లెక్చరర్ని. ప్రొద్దుటూరు నుంచి రోజూ జమ్మలమడుగుకి పోయొస్తా. కంప్యూటర్ సారు పెండ్లికి పోతా, "ల్యాబ్‌లో ఊరికే కూర్చో మామా" అన్యాడు. సర్వర్‌లో సర్వాధికారాలతో లాగిన్ చేసి మరీ పోయినాడు. పిల్లోల్ల సిస్టములన్నీ దాని మీదనే నడుస్తాయి. దాని ముందర నేను, రాజా మాదిరి!

పులివెందుల నుంచి ఎగ్జామినర్ వచ్చినాడు, పెద్దాయన. ఒక పాపను అడిగినాడు: "లినక్స్‌లో halt కమాండ్ ఏం చేస్తాదిమ్మా?"

పాప నా దిక్కు చూసింది. నేను కిటికీ దిక్కు చూసినా.

"పోనీ, మీరు చెప్పండి సార్" అన్యాడాయన.

"ఒక్క నిమిషం సార్!"

తెలీని కమాండ్ గురించి కనుక్కోవాలంటే man అని కొట్టాలని యాడో విన్యా. కొట్టినా. What manual page do you want? అని అడిగింది. అబ్బ, ఎంత మర్యాద! దేని గురించి కావాలని అడుగుతాండాది గదా అని, కిందనే halt అని కొట్టి ఎంటర్ నొక్కినా.

అది జవాబు కోసం కాచుకోలేదని నాకేం తెలుసు? halt అంటే ఆగిపొమ్మని గదా, నేను చెప్పింది ఆర్డర్ అనుకున్యాది. సర్వర్ ఆగిపాయ! పిల్లోల్ల స్క్రీన్లన్నీ బిగుసుకుపాయ. "సార్! నా ప్రోగ్రామ్!" ఒకటే కేకలు.

"కరెంటు పోయిందా ఏంది?" అన్యాడు ఎగ్జామినర్. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతాండాది. అబద్ధం చెప్పేకి గూడా లేదు!

"నేనే సార్" అని జరిగిందంతా చెప్పినా. ఆయన కడుపు పట్టుకొని నవ్వినాడు. తానే సర్వర్ ఆన్ చేసినాడు. పిల్లోల్లు మధ్యమధ్యలో సేవ్ చేసుకున్యారు గాబట్టి శానా మటుకు దొరికినాయి. ప్రోగ్రామ్ పోయినోళ్లకు ఇంకొంచెం టైమిచ్చినాడు. అప్పుడు నాకు ఊపిరాడింది.

"man, పక్కనే కమాండ్ పేరు. రెండూ ఒకే లైన్లో కొట్టాలప్పా" అన్యాడు. భయపడతానే, ఫైళ్ల పట్టీ చూపే ls గురించి man ls అని కొట్టినా. పేజీ తెరుచుకుంది! చదివినా గూడా! ఇంగ బయటికి రావాల గదా? ఎస్కేప్ నొక్కినా, రాలా. ఎంటర్ నొక్కినా, ఇంకా కిందికి పోయింది. ఏం చేయాల్నో తెలీక, మెల్లగా సర్వర్ పవర్ బటన్ దిక్కు చెయ్యి పోనిచ్చినా...

ల్యాబంతా ఒక్కసారి లేచి నిలబడింది.

"సా...ర్! q నొక్కండి సార్, q!"