పాశం పారిన వైపు

ఉదయగిరి దుర్గం ఎక్కడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కోట చూస్తారు, కూలిన గోడల ముందు ఫొటోలు దిగుతారు, తాగిన నీళ్ల సీసా అక్కడే పారేసి, కింద బజారులో చెక్క గరిటె ఒకటి కొనుక్కుని వెళ్లిపోతారు. దుత్తలూరు వైపున్న మా కొండకు మాత్రం ఎవరూ రారు. దాని మీద కోట లేదు. ఏ రాజూ దాన్ని ఎక్కిన దాఖలా లేదు. దాని చరిత్ర మొత్తం గొర్రెలది, వాటి వెంట నడిచినవాళ్లది. నేను ఆత్మకూరు బడిలో ఇరవై ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. పుస్తకంలో మా కొండ గురించి ఒక్క ముక్క లేదు కాబట్టి నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కొండ మీద పాశం బండ ఉంది. పాశం అంటే పాయసమే. వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లో ఇంటింటికీ ఇంత బియ్యం, ఇంత బెల్లం పోగు చేసి, గుండిగలు కొండ మీదకు మోసుకెళ్లి, అక్కడే పాశం వండి, ఆ బండ మీద కుమ్మరిస్తారు. దాన్ని వరద పాశం అంటారు. కుమ్మరించాక అందరూ మోకాళ్ల మీద వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, నోటితోనే తినాలి. ఎందుకలా అని అడిగితే, గొడ్డూగోదా లాగా అడిగితే పైవాడికి జాలేస్తుందని మా అవ్వ చెప్పేది. సర్పంచి అయినా, కరెంటాఫీసులో పనిచేసేవాడయినా, నాలాంటి పంతులయినా అంతే. బండకు మూతి ఆనించాక ఎవరి హోదా ఎంతో చెప్పడం కష్టం.

మా వీధి చివర బాప్టిస్టు చర్చి ఉంది. ఆ ఇళ్లవాళ్లు కొండ ఎక్కరు, బండకు మొక్కరు. బెల్లం మాత్రం ఇస్తారు. పాశం పోసే వారం వాళ్ల ఆదివారం ప్రార్థనలోనూ వానే ఉంటుంది. వాన పడ్డాక అది ఎవరి వల్ల పడిందనే వాదన మా ఊళ్లో ఎప్పుడూ రాలేదు. పడడమే అరుదు.

ఇందులో అసలు సంగతి ఒకటుంది. పాశం ఎటు పారితే వాన అటు పడుతుంది. కొండకు ఇవతల మా ఊరు, మా చెరువు. అవతల ఇంకో ఊరు, వాళ్ల చెరువు. కొండ నడినెత్తిన నూరడుగుల ఎడంలో ఇంచుమించు ఒకేలాంటి బండలు రెండున్నాయి. ఒకటి మా వైపు వాలి ఉంటుంది, రెండోది వాళ్ల వైపు. నిలబడి చూస్తే ఆ వాలు తెలియదు. ముందు చెంబెడు నీళ్లు పోసి చూడొచ్చు కదా అని చిన్నప్పుడు నేనూ అడిగాను. నీళ్లు అడుక్కోవడానికి పోయి నీళ్లు ఒలకబోస్తారా అని అవ్వ నెత్తిన మొట్టింది. బండ మీద గుర్తు కూడా పెట్టలేదు. గుర్తు పెడితే అవతలి ఊరివాళ్లు చూసుకుని ఏదో ఒకటి చేస్తారని పెద్దల అనుమానం. ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు. బండను ఇటు నుంచి అటు తిప్పుకుంటారనే అనుకోవాలి.

కాబట్టి ఏది పాశం బండో చూపించే పని గొర్రెలు కాచే మా ఇంటిది. తాత తర్వాత నాయన. నాయనకు డెబ్బై దాటాయి. అరవై జీవాలున్నాయి. మా వైపు గొర్రెలను జీవాలనే అంటాం.

నేను చెప్పబోయే ఏడాది ఆషాఢం, శ్రావణం రెండూ ఎండగానే పోయాయి. చెరువులో మట్టి పెళ్లలు లేచింది. కొండ మీద గడ్డి లేదు. మా అన్న ఊళ్లోనే సేద్యం చేస్తాడు. వింజమూరు నుంచి బేరగాడిని పిలిపించాడు. శుక్రవారం వచ్చి మొత్తం మందను తోలుకుపోయేటట్టు మాట. మేత లేకపోవడం ఒక కారణమే కానీ, అన్న మనసులో ఉన్నది వేరు. నాయనకు కళ్లు ఆనడం లేదని అతని అనుమానం.

నాకూ అనుమానమే. నాయన సెల్‌ఫోన్ తలకిందులుగా పట్టుకుని మాట్లాడేవాడు, కానీ ఆ పని కళ్లు బాగున్నప్పుడూ చేసేవాడు. అసలు గుర్తు దొడ్డి దగ్గర కనిపించింది. సాయంత్రం జీవాలు లోపలికి పోయేటప్పుడు తడిక పక్కన నిలబడి ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేసేవాడు. ముసలితనంలో ప్రేమ పెరిగిందనుకున్నాం. లెక్క పెడుతున్నాడని తర్వాత తెలిసింది. డాక్టరుకు చూపిద్దామంటే, నాకేమైందని ఇంతెత్తున లేచేవాడు. కళ్లు పోయాయని ఒప్పుకుంటే జీవాలు పోతాయని ఆయన భయం. జీవాలు పోతే పొద్దున లేచి ఎటు పోవాలో ఆయనకు తెలియదు. ఆ మాట ఆయన అనలేదు, కానీ నేను ఆయన కొడుకుని, నాకు తెలుసు.

ఆ శుక్రవారం కంటే ముందొచ్చే ఆదివారం పాశం పోయాలని ఊరు తీర్మానించింది. ముందు రోజు నేను ఆత్మకూరు నుంచి వచ్చేసరికి అరుగు మీద అన్నా నాయనా ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నారు. బేరగాడి సంగతి నాయనకు తెలిసిపోయింది.

"ఈ కొండ మీద నేను దోవ తప్పిన పొద్దు అమ్ముకోండిరా జీవాల్ని," అన్నాడు నాయన. "అందాకా వాటి జోలికి రాబాకండి."

అన్న సరేనన్నాడు. సాక్షిని చేస్తున్నట్టు నా వైపు చూశాడు. నేను కాళ్లు కడుక్కోవడానికి లేచిపోయాను.

మర్నాడు పొద్దున్నే కొండెక్కాం. ముందు నాయన, వెనక నేను, మా వెనక గుండిగలు, కట్టెలు, ఊరు. అందరిలాగే నాయన చెప్పులు కొండ మొదట్లో విడిచి ఉత్త కాళ్లతో నడిచాడు. ఎక్కడా తడబడలేదు. దారి అరికాళ్లకు తెలుసు. పైకి చేరాక చెయ్యి చాచి ఒక కలివి చెట్టును తడిమాడు. ముళ్లు గుచ్చుకున్నాయో లేదో మొహంలో తెలియలేదు. పక్కనున్న బండ మీద కర్రతో తట్టి, ఇదేనన్నాడు. మిగతావాళ్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు, ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. ఆడవాళ్లు పొయ్యిలు పెట్టారు.

పాశం ఉడికింది. డప్పు మోగింది. సర్పంచి, ఇంకో ముగ్గురు కలిసి మొదటి గుండిగ వంచారు. ఊరంతా ఒక్కసారిగా మోకాళ్ల మీద వాలింది. నాకు మోకాలి నొప్పి ఉంది. వంగడానికి ఎవరికన్నా కాస్త ఎక్కువ సేపు పడుతుంది. ఆ కాస్త సేపు నిలబడి ఉన్నది కొండ మీద నేనూ నాయనా మాత్రమే.

పాశం అవతలి వైపు పారింది.

సందేహం లేదు. బెల్లం నీళ్లు ముందు, మెతుకులు వెనక, బండ అంచు దిగి చక్కగా పక్క ఊరికి పోతున్నాయి. వంచినవాళ్లకు ఆవిరి, వంగినవాళ్లకు మూతి కింద బండ తప్ప ఇంకేమీ కనిపించదు. లేచాక అంచు దాకా పోయి చూసే అలవాటు అప్పటికి ఎవరికీ లేదు, బండ మా ఇంటివాళ్లు చూపించిందే కదా. నాయన తృప్తిగా అటే చూస్తున్నాడు, చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. ఇంకా రెండు గుండిగలు మిగిలే ఉన్నాయి. నేను నోరు తెరిస్తే వాటినైనా సరైన బండ మీద పోసేవాళ్లు. ముగ్గురు మనుషుల అవతల అన్న కూడా వంగి ఉన్నాడు.

నేను నోరు తెరవలేదు. మోకాలి మీద వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, పక్క ఊరి పాశం తిన్నాను. బాగానే ఉంది, కాస్త అడుగంటింది. ఊరి వాన నా చేతిలో ఉండగా మా నాయన పరువు చూసుకున్నానని నాకు సిగ్గేసింది. అయినా మళ్లీ అదే జరిగితే మళ్లీ అదే చేస్తాను.

బుధవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఊరు ఊరంతా బయటికొచ్చింది. ఇంట్లో ఉన్న బిందెలన్నీ చూరుల కింద పెట్టారు. గాలి లేచింది. కొండ అవతల తెల్లగా తెర దిగింది. గంటన్నర సేపు ఉరుముల మోత విన్నాం. మాకు దుమ్ము వచ్చింది. బిందెలు కడుక్కోవాల్సి వచ్చింది.

సాయంత్రానికి అవతలి చెరువు సగానికి పైగా నిండిందని కబురొచ్చింది. టీ కొట్టు దగ్గర ఎవరికో అనుమానం తగిలి, నలుగురు కొండెక్కి చూసి వచ్చారు. వానకు అంచున ఉన్నదంతా కడుక్కుపోయినా, రాతి సందుల్లో మెతుకులు మిగిలాయట. వాటి కోసం చీమలు బారు తీరాయట. ఆ బారు అవతలి ఊరి వైపే పోతోందట. చీమలకు అబద్ధం చెప్పే అవసరం లేదు కాబట్టి ఊరు నమ్మింది. అందరూ కలిసి మా అరుగు ముందుకు వచ్చారు.

నాయన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అన్న ఆయన వైపు చూశాడు. కోపంగా కాదు, జాలిగా చూశాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది. పాశం కోసం నేను పెట్టిన సెలవు ఇంకో రోజు మిగిలి ఉంది కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. నాయన నోరు తెరవబోయాడు. నాకు భయమేసింది. ఆయన అబద్ధం చెప్పడు.

"ఆ బండ నేను చూపించినాను," అన్నాను. "ఫోన్లో మ్యాప్ చూసి చెప్పినాను. నాయన కాదంటానే ఉన్నాడు."

ఊరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్లో ఏం చూశావని, సిగ్నల్ ఎక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు. మా కొండ మీద సిగ్నల్ ఉండదని అందరికీ తెలుసు. అయినా పంతులు తప్పు చేశాడంటే నమ్మడానికి వాళ్లకు పెద్దగా రుజువులు అక్కర్లేకపోయింది. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నట్టు కనిపించారు. పాశం పోసే నాడు నేను ఇకమీదట కొండ ఎక్కకూడదని, కింద చెప్పుల దగ్గర కాపలా ఉండాలని అక్కడికక్కడే తీర్మానమైంది. అన్న నన్ను తేరిపార చూశాడు. బేరగాడికి ఫోన్ చేసి శుక్రవారం రావద్దన్నాడు. దోవ తప్పింది నాయన కాదు కదా.

 మర్నాడు పొద్దున్నే నాయన లేచి మందను తోలుకుని కనుమ దాటి అవతలి ఊరికి పోయాడు. చెరువు కట్ట మీద ఆ ఊరి పెద్ద ఎదురొచ్చాడట. మా మీద పడిన వాన మీదేనంట గదా అన్నాడట. అవును, తాగి పోదామని వచ్చినామన్నాడట నాయన. ఆ పెద్ద, జీవాలు తాగొచ్చు గానీ నలభై రోజులు తమ చేలల్లో మంద కట్టాలన్నాడు. మంద కట్టడమంటే రాత్రిళ్లు గొర్రెలను చేలో ఉంచడం, పెంటికలు చేనుకు ఎరువవుతాయి. వాన వాళ్లకే పడింది, ఎరువూ వాళ్లకే పోయింది. మాకు జీవాలు మిగిలాయి.

రెండు ఆదివారాల తర్వాత సద్దెన్నం పట్టుకుని అక్కడికి పోయాను. గట్టు మీద పక్కపక్కన కూర్చున్నాం. నాయన సగం తిని ఆపాడు.

"ఆ పొద్దు పాశం అటు పోయింది నువ్వు చూసినావు గదా?"

"చూసినాను నాయనా."

"కలివి చెట్టు చేతికి తగిలిందిరా. దాన్ని బట్టే చెప్పినాను."

మన బండ పక్కనున్న కలివి చెట్టును గరిటెల కోసం ఎవరో పోయినేడే కొట్టుకుపోయారని, అక్కడ ఇప్పుడు మోడు మాత్రమే ఉందని, ఆయన చేతికి తగిలింది రెండో బండ దగ్గరి చెట్టని చెప్పాను. ఆ చెట్టు ఈపాటికి ఉదయగిరి బజారులో ఏ సీసాలు పారేసేవాళ్లకో అమ్ముడుపోయి ఉంటుంది. నాయన మళ్లీ సద్ది అందుకున్నాడు.

"అయితే నా తప్పేం లేదు," అన్నాడు. మళ్లీ కాసేపటికి, "కళ్లు చూపిచ్చుకుంటాలే. మీ అన్నకు చెప్పబాక," అన్నాడు.

నలభై రోజులూ అయ్యాక, మనవరాలిని చూడాలని వంక పెట్టి ఆత్మకూరు వచ్చాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయన్నారు. నెల ఎడంలో రెండూ తీయించాం. రెండో కట్టు విప్పిన రోజు నన్ను ఎదురుగా నిలబెట్టుకుని చూశాడు. పైనుంచి కిందికి, మళ్లీ పైకి.

"ఏందిరా," అన్నాడు, "ముసిలోడివై పోయినావు."

ఎన్నేళ్లుగా నా మొహం ఆయనకు కనబడలేదో ఆ మాటతో లెక్క తెలిసింది. నేను కిటికీ దగ్గరికి పోయి వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

నిరుడు మళ్లీ వానలు రాలేదు, మళ్లీ పాశం పోశారు. నాయన ముందు నడిచాడు. నేను తీర్మానం ప్రకారం కొండ మొదట్లో చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఊరందరి చెప్పులూ ఒకచోట చూస్తే ఎవరివి ఎవరివో నాకు చాలావరకు తెలిసిపోయింది. అదీ ఒక స్థానిక చరిత్రే. పైన డప్పు మోగింది, ఆగింది. మధ్యాహ్నానికి ఒక్కొక్కరూ దిగి, మూతులు తుడుచుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ పోయారు. పాశం మన వైపే పారిందని ప్రతి ఒక్కరూ నాకు ప్రత్యేకంగా చెప్పి పోయారు. సర్పంచి నా ముందే నాయనతో, మీ వాడు ఇంత చదువుకున్నా బండ తెలియకపోయెనే అన్నాడు.

"వాడికి కొండ తెలీదు," అన్నాడు నాయన.

నేను తలూపాను. సర్పంచి వెళ్లిపోయాడు. అన్న కూడా వెళ్లిపోయాడు. ఇక అక్కడ రెండు జతల చెప్పులే మిగిలాయి. నాయన పంచె మడతలోంచి మోదుగాకు పొట్లం తీసి విప్పాడు. బండ మీద నుంచి ఎత్తుకొచ్చిన పాశం. అక్కడక్కడ ఇసుక కూడా ఉంది. నేను చెయ్యి చాచాను.

"చేతులు ఎనక్కి పెట్టుకోరా," అన్నాడు.

నేను యాభై ఏళ్ల గవర్నమెంటు టీచర్ని. మోకాలి నొప్పి ఉంది. మెల్లగా వంగి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నాయన ఆకును నా మూతి దగ్గర పట్టుకుని, అయిపోయేదాకా నిలబడ్డాడు.