పడవ మీదున్న ఫోన్ నంబరు

మా బ్యాంకు చిన్నది. శ్రీకాకుళంలో ప్రధాన కార్యాలయం, చుట్టుపక్కల మండలాల్లో కొన్ని శాఖలు, అంతే. సహకార బ్యాంకు కాబట్టి ఖాతాదారులంతా సభ్యులే. అలాంటి బ్యాంకు సొంతంగా ఏటీఎం కార్డులు ఇవ్వాలని తీర్మానించుకున్నప్పుడు, ఆ పనికి ప్రణాళిక రాసే బాధ్యత నా మీద పడింది. నాకు అనుభవం ఉందని కాదు. సమావేశాల్లో నోరు మెదపని మనిషికి రాత పని అప్పగిస్తారు.

ఆర్నెల్లపాటు విజయనగరం నుంచి వచ్చే పొద్దుటి బస్సులో నవలలు చదవడం మానేసి కార్డుల గురించే చదివాను. ఎవరు అచ్చువేస్తారు, చిప్పు ఎవరు పెడతారు, రహస్య సంఖ్య ఎలా అందుతుంది, ముందు ఎంతమందికి ఇచ్చి చూడాలి. కార్డు మీద ఛైర్మన్ గారు గుడి గోపురం ఉండాలన్నారు, మేనేజరు సముద్రపు అలలన్నారు. చివరికి ఉత్త నీలం రంగు మిగిలింది. అదే నాకు నచ్చింది.

మొదటి విడతకు కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే నలభై మంది ఆడవాళ్ళను ఎంచుకున్నాం. వాళ్ళ పని ముగిసేసరికి బ్యాంకు మూసేస్తారు. కార్డు అవసరం వాళ్ళకే ఎక్కువ.

దరఖాస్తులతో నేను వెళ్ళిన రోజు ఒకావిడ ఇసుకలో పరిచిన వల మీద చేపలు తిరగేస్తోంది. వయసు నలభై ఐదు దాటి ఉంటుంది. తలెత్తకుండానే అడిగింది.

"ఎవులమ్మా నువ్వు? సేపలు కొనే మొకంలాగ నేదు."

కార్డు సంగతి చెప్పాను. ఆమె చేతులాగిపోయాయి.

"ఏటీ, బేంకు మూసేసినాక కూడా డబ్బులొస్తాయా?"

"వస్తాయండి."

"ఆదివారం?"

"ఎప్పుడైనా."

చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చిన్న కూతురికి ఏడో నెల, తొలి కానుపు, పురిటికి తీసుకొచ్చారు. పెద్ద కూతురికి నొప్పులొచ్చింది ఆదివారమేనట.

"ఆటోకి డబ్బుల్నేవు. బేంకులో ఉన్నాయి, నా సేతిలో నేవు. పిల్ల మెలికలు తిరిగిపోతంటే నాను ఈదిలో ఇంటింటికీ ఎల్లి అడుగుతన్నాను. ఈ పిల్లకి అలగ అవ్వకూడదు. సెప్పు, కానుపుకి ముందే ఇస్తావా?"

"ఇస్తాను," అన్నాను. ఎవరికీ ఏదీ మాటివ్వని దాన్ని, ఎలా అనేశానో తెలియదు. ఆ రోజు డైరీలో ఆమె మాటలన్నీ రాసుకున్నాను, నా మాట ఒక్కటీ రాయలేదు. భయం వేసింది.

ప్రారంభోత్సవానికి రెండు వారాల ముందు కార్డులు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. ఆమెనే ముందు పిలిచాను. కళింగపట్నం శాఖలో యంత్రం ముందు నిలబడి కార్డు పెట్టింది. రహస్య సంఖ్య ఆమే నిర్ణయించుకోవాలి. దానికి ముందు ఫోనుకు ఆరంకెల ఓటీపీ వస్తుంది.

"ఫోను చూడండి," అన్నాను.

"ఫోను నాకాడేది?"

"దరఖాస్తులో ఇచ్చారు కదా."

"ఇంటి ఫోను నంబరు అడిగినావు, సెప్పినాను. ఇంటికి ఒకటే ఫోను. అది మా ఆయనకాడ ఉన్నాది. ఆయన సేపల బోటు పనికి గుజరాతు ఎల్నాడు. బోటెక్కి పదేను రోజులయ్యింది. ఒడ్డుకొస్తే గాని సిగ్నలందదు."

దరఖాస్తు నమూనా రాసింది నేనే. సులువుగా ఉంటుందని 'ఇంటి ఫోన్ నంబరు' అని రాశాను. మిగతా దరఖాస్తులు అక్కడే తిరగేస్తూ ఒక్కో ఇంటి సంగతి ఆమెనే అడిగాను. సగానికి పైగా నంబర్లు అరేబియా సముద్రం మీద, చేపల పడవల్లో ఉన్నాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె నా మొహంలోకి వంగి చూసింది. "మొగుడు సముద్రంలో ఉంటే నానే ఏడవనేదు, నువ్వెందుకే గుంటా ఏడుస్తన్నావు?"

మర్నాడు మేనేజరు గదిలో సమావేశం. ఆయన ఆ జిల్లా మనిషే, మంచివాడు, కానీ అప్పటికే ఆహ్వాన పత్రికలు అచ్చయ్యాయి, షామియానా మాట్లాడారు.

"పక్కింటోళ్ళ నంబరు ఇమ్మను," అన్నారు.

"అడిగాను సార్. పక్కింటామె ఫోనుకి వస్తే ఊరికంతటికీ సెప్పినట్టే అంది."

అందరూ నవ్వారు. నవ్వు ఆగేలోపే చెప్పేయాలనుకున్నాను. తప్పు నాదేనని, రహస్య సంఖ్యను కాగితం మీద అచ్చువేసి కవరులో అతికించి ఇచ్చే పాత పద్ధతి ఉందని, ఖర్చనీ ఆలస్యమనీ దాన్ని ప్రణాళికలోంచి నేనే కొట్టేశానని, ఇప్పుడు మళ్ళీ అడిగితే మూడు వారాలు పడుతుందని, ప్రారంభోత్సవం వాయిదా వేయాలని. ఒకే గుక్కలో చెప్పాను.

"ఆవిడ కోసం ప్రారంభోత్సవం ఆపమంటావా?"

"ఆవిడ కోసమే కదా సార్ పెట్టుకున్నది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మూడేళ్ళుగా ఈ గొంతు ఎక్కడ దాచేసినావమ్మా?" అన్నారు. తర్వాత షామియానా వాడికి ఫోన్ చేశారు.

కవర్లు ఇంకా రాకముందే ఒకరోజు ఆమె శాఖకు వచ్చి నా కోసం ఆగింది. నేను కనబడగానే గబగబా ఆరంకెలు అప్పజెప్పింది. అక్కడ పడవ ఒడ్డుకు చేరగానే భర్త ఫోనుకు ఆ సంఖ్య వచ్చిందట. ఎందుకో తెలియకపోయినా భార్యకు పనికొస్తుందేమోనని పక్కింటికి ఫోన్ చేసి, ఆమెను పిలిపించి, ఒకటికి మూడుసార్లు చదివాడట. ఆమె దాన్ని దారంతా పెదాలతో అనుకుంటూ వచ్చింది.

అది పది నిమిషాలకే చెల్లకుండా పోతుందని, ఎప్పుడో పోయిందని చెప్పాల్సి వచ్చింది.

"పోతే పోయింది," అంది. "అంత దూరం నుంచి ఆయన సెప్పినాడు కదా."

కవర్లు వచ్చిన సాయంత్రమే, ప్రారంభోత్సవంతో పని లేకుండా, నేనే బస్సెక్కి కళింగపట్నం తీసుకెళ్ళాను. ఆమె కవరు చింపి కాగితం నా వైపు చాచింది. చూడకూడదన్నాను.

"నీకు తెలిస్తే ఏటి?"

"నాకు కూడా తెలియకూడదు. మీ ఒక్కరికే."

ఆమె కాగితాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. చదవలేక కాదు, రోజూ కాటా మీద అంకెలు చదివే మనిషే. నేను ఏటీఎం గది తలుపు దగ్గర వీధి వైపు తిరిగి నిలబడ్డాను. వెనక యంత్రం నాలుగుసార్లు మోగింది. తర్వాత నోటు బయటికొచ్చిన చప్పుడు.

"వచ్చినాయి," అంది. బయటికొచ్చి, తీసిన ఐదొందల నోటు నాకు ఇవ్వబోయింది. "పని సేస్తన్నాది. మళ్ళీ లోపలెట్టేయ్. పిల్లకి ఇంకా టైమున్నాది."

వేయాలంటే రేపు శాఖకు రావాలన్నాను.

"తియ్యడానికి బేంకక్కర్నేదు గాని, ఎయ్యడానికి కావాలా? మీ కార్డు సగమే సదూకున్నాది."

పాప ఆదివారం పుట్టింది. సోమవారం ఉదయం, ముందురోజు కార్డులతో డబ్బు తీసినవాళ్ళ జాబితా చూస్తుంటే ఆమె ఖాతా ఎదురుగా శ్రీకాకుళంలో ఆస్పత్రి పక్కనున్న ఏటీఎం కనబడింది. సెలవు చీటీ మేనేజరు బల్ల మీద పెట్టి, కమలాలు కొనుక్కుని వెళ్ళాను. ఆమె కూతురి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డల మూట.

"నీకెవులు సెప్పినారే?"

"బ్యాంకులో తెలిసింది."

"ఓలమ్మ, దీని తాతకే ఇంకా తెలీదు!" అని నవ్వుతూ, కమలాల సంచీ నా దగ్గర్నుంచి తీసుకుని, నా చేతుల్లో పాపను పెట్టింది.